దేవి వాలు మీద రవికె గుడ్డలు

కంకిపాడు వాళ్ళకు ఎత్తు అంటే కాలవగట్టు. అంతకంటే ఎత్తు కావాలనుకుంటే బెజవాడ వెళ్ళి దుర్గమ్మ కొండ ఎక్కుతాం. అలాంటి ఊరి నుంచి డెబ్బై రెండేళ్ళ నేను, అరవై ఎనిమిదేళ్ళ మా ఆడపడుచు సుశీల, చెట్లు కూడా ఇక ఎక్కలేక ఆగిపోయే ఎత్తుకు వెళ్ళొచ్చాం. ఒక చిన్న మొక్కను చూడటానికి వెళ్ళాం. తిరిగొచ్చి చాలా నెలలైంది. ఇప్పటికీ ఎవరైనా కదిపితే చాలు, చెప్పడం మొదలుపెడతాను. వినేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి రాస్తున్నాను.

బెజవాడ, వన్‌టౌన్

మా వైపు పసిపిల్లలకు సానమందు వేయడం పాత అలవాటు. వస, అతివస, మాచికాయ, కరక్కాయ ఒక్కొక్కటీ సానరాయి మీద నాలుగు చుట్లు అరగదీసి, తల్లిపాలలో రంగరించి నాలిక్కి రాసేవారు. ఇప్పటి డాక్టర్లు వద్దంటారు. నేనూ వాదించను. అయినా ఆ డబ్బా మా ఇంట్లో ఎప్పుడూ నిండుగా ఉండాలి. అది మా అత్తగారి పద్ధతి.

ఆ ఏడు వేసవిలో డబ్బా దులిపి చూస్తే అతివస అయిపోయింది. వన్‌టౌన్‌లో మూలికలమ్మే శేషయ్యగారి కొట్టుకు వెళ్ళి అడిగాను.

"ఉందండి. కానీ మీకివ్వను" అన్నాడాయన.

"ఉంచుకుని ఇవ్వనంటారేంటండీ?"

"దాన్లో నాభి దుంప కలిపేస్తున్నారండి. అది విషం. చూట్టానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. పసిపిల్లల మందులో నేను రిస్కు తీసుకోలేను. అసలు సరుకు హిమాలయాల్లో పండుద్ది. అక్కడ మంచు తగ్గిపోయి మొక్కే పోతందంట. ఉన్న కాస్తా తవ్వుకుపోతన్నారు. ఇప్పుడు కిలో ధర చెబితే మీరు పక్కనున్న బంగారం కొట్టుకి వెళ్ళిపోతారు."

ఇన్నేళ్ళు వాడిన వస్తువు ఎక్కడ పెరుగుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని, ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా ఏ అంకెనూ ఒప్పుకునేదాన్ని కాదు. దీని గురించి మాత్రం అడగలేదు.

శేషయ్యగారికి నికార్సయిన సరుకు పోస్టులో పంపే ఆవిడ ఒకరు ఉండేదట. పేరు బసంతి. అడవిలో తవ్వదు, తన మళ్ళలోనే పండిస్తుంది. నిరుడు ఇక పంపలేనని కబురు పెట్టింది. ఆవిడ నంబరు ఇచ్చి, "మీకు హిందీ వచ్చుగా, మాట్లాడండి. నాకు డబ్బులు పంపడం వరకే వచ్చు" అన్నాడు.

ఫోన్ చేశాను. బసంతి నా మాటలన్నీ విని, "ఇవ్వడానికి దుంప లేదక్కా. మొక్కని చూడాలంటే మాత్రం రండి. ఈ ఏడు ఉంది. వచ్చే ఏటి సంగతి చెప్పలేను" అంది.

ఆ ఆఖరి మాటకు నాకు ఇంట్లో కాలు నిలవలేదు. సుశీలతో చెబితే, "మొక్కని చూట్టానికి హిమాలయాలకా వదినా? మన నర్సరీల్లో లేదా?" అంది.

"లేదు."

"అయితే నేనూ వస్తా."

"నువ్వెందుకు?"

"నువ్వు దారి తప్పితే మా అన్నయ్యకి చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలిగా."

కృష్ణాష్టమి మర్నాడు బయల్దేరాం.

ఋషీకేశ్ దాటి

హరిద్వార్‌లో ఇడ్లీ ప్లేటు ఎనభై రూపాయలు. కంకిపాడు బస్టాండులో ముప్పై. పైగా ఇక్కడి సాంబారు తియ్యగా ఉంది. సుశీల గిన్నె పక్కకు నెట్టేసింది. కొండదారి ఎక్కాక ఆ కష్టం తీరింది. రోడ్డు పక్కన ఆడవాళ్ళు మోచేతంత లావు దోసకాయలు నిలువునా చీరి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి బండ మీద నూరిన పచ్చ ఉప్పు రాసి ఇస్తారు. ముక్క ఇరవై రూపాయలు. సుశీల మూడు తిని, నాలుగోది ఒడిలో పెట్టుకుని కారెక్కింది. "రోటిపచ్చడి తెలిసినవాళ్ళు ఎక్కడున్నా మనవాళ్ళే" అని తీర్పు చెప్పింది.

నేను చిన్నప్పుడు హిందీ పరీక్షలు వరసగా రాసి ప్యాసైనదాన్ని. నా హిందీ విని డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసి, "మాతాజీ, మీరు రేడియోలో వార్తలు చదివేవారా?" అని అడిగాడు. ఆ తర్వాత కారు ఆగిన చోట నేనేమడిగినా చేతులు కట్టుకుని నిలబడి సమాధానం చెప్పాడు.

ఒక మలుపులో రాళ్ళు జారిపడి గంటలకొద్దీ ఆగిపోయాం. ఇంకో మలుపులో సుశీల సంచిలో నుంచి టప్‌మని చప్పుడొచ్చింది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడి గోంగూర పచ్చడి ప్యాకెట్ బుడగలా ఉబ్బి పగిలింది. చీరలు, స్వెట్టరు, రాత్రి వేసుకునే మాత్రలు, అన్నిటికీ గోంగూరే. "మాత్రలు ఇప్పుడు అన్నంలో కలుపుకోవచ్చులే" అన్నాను. రెండు మలుపుల వరకు ఆమె నాతో మాట్లాడలేదు.

నాకు మాత్రం ప్రతి మలుపూ పండగలాగే ఉంది. కింద మామిడి, అరటి. ఇంకా పైన పైన్ చెట్లు. వాటి పైన దేవదారు. మా డెల్టాలో మూడు మండలాలు తిరిగినా అదే వరి, అదే చెరకు, అదే మినుము. ఇక్కడ నిలువుగా ఒక్క పూట ప్రయాణంలో దేశాలు మారిపోతున్నాయి.

బసంతి ఊరు

జోషీమఠ్ దాటాక రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి కంచరగాడిదల మీద వెళ్ళాం. ఊరి పేరు రాయనని బసంతికి మాటిచ్చాను. పేరు తెలిస్తే తవ్వేవాళ్ళు వస్తారు.

బసంతికి అరవై ఉంటాయి. చెవులకు పెద్ద పోగులు, కాళ్ళకు రబ్బరు బూట్లు. భర్త పోయాడు. కూతురు కింద పట్నంలో నర్సు. వేసవంతా ఈ పై ఊరి ఇంట్లో ఒక్కతే ఉండి, చలికాలం కింది ఊరికి దిగిపోతుంది. మేము చేరింది అమావాస్య నాడు. అంటే మాకు పోలాల అమావాస్య. పిల్లల కోసం కంద మొక్కకు పూజ చేసుకునే రోజు. కంద ఎక్కడ దొరుకుతుందని సుశీల దిగులు పడుతుంటే, బసంతి పెరట్లో చామ మొక్క కనిపించింది. దానికే పసుపు కొమ్ము కట్టి దండం పెట్టుకున్నాం. బసంతి చోద్యంగా చూసి, "మొక్కకి పూజ చేస్తే పిల్లలు చల్లగా ఉంటారా? అయితే మనం ఒకే దేవతని కొలుస్తున్నట్టే" అంది.

రాత్రి రాగి రొట్టె, నెయ్యి, రాజ్మా. తిన్నాక, భర్త లేనివాళ్ళకు పెట్టరన్న పాత పట్టింపు పక్కనపెట్టి, నేను బసంతికి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఇచ్చాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకూ ఇచ్చాను. వాళ్ళు అది దేనికో తెలియక మెడకు కట్టుకుని మురిసిపోయారు.

తెల్లవారి ఆమె తన మళ్ళు చూపించింది. ఇంటి పైన మెట్లు మెట్లుగా నాలుగు మళ్ళు. నాలుగూ ఖాళీ.

"విత్తనం చల్లాక మంచు కింద చలికాలమంతా నిద్రపోవాలక్కా. అప్పుడే లేస్తుంది. రెండేళ్ళ నుంచి మంచు పల్చగా పడుతోంది, పడింది నిలవట్లేదు. విత్తనం నిద్రపోలేదు, లేవలేదు. ఉన్న మొక్కలు ఎండకి మాడిపోయాయి."

నేను ఆశ్చర్యపోయాను. మా వైపు వడ్లు నానబెట్టి, గోనెలో కట్టి, గడ్డి కప్పి బరువు పెడతాం. ఆ ఉక్కకు మొలక వస్తుంది. మండె కట్టడమంటారు. వేడితో విత్తనాన్ని లేపడం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. చలితో లేచే విత్తనం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"మళ్ళీ చల్లడానికి విత్తనం లేదా?" అని అడిగాను.

ఆమె పైకి చూపించింది. "అక్కడొక్కచోటే. దేవి వాలు మీద. అది దొరికితే నా మళ్ళున్నట్టు, దొరక్కపోతే పోయినట్టు. కూతురు వచ్చేయమంటోంది. ఈసారి విత్తనం లేకపోతే వెళ్ళిపోతాను."

దేవి వాలు

మూడో రోజు ఎక్కాం. సగం దూరం కంచరగాడిద మీద, మిగతాది సుశీల భుజం పట్టుకుని. చెట్లన్నీ కిందే ఉండిపోయాయి. ముందు గడ్డి, దాని మీద పూలు, ఆ పైన రాయి. పసుపు, ఊదా, నీలం. వేలెడెత్తు మొక్కలకు గుప్పెడేసి పూలు. ఒక రాతి సందులో నిజం బ్రహ్మకమలం చూశాను. మన మేడల మీద కుండీల్లో రాత్రిపూట పూసేది వేరే జాతి. ఇది లేతాకుపచ్చ కాగితంతో చేసిన దీపంలా ఉంది.

"అదిగో, మీ అతివస" అంది బసంతి.

మోకాలెత్తు కాడ. పాము పడగలాంటి ఆకుపచ్చ పువ్వు, లోపల ఊదా నరాలు. ఇన్నేళ్ళూ మా ఇంటి డబ్బాలో ఎండు ముక్కగా ఉన్నది, ఇక్కడ గాలికి తల ఊపుతోంది. నేను అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను. సుశీల, "వదినా, ఆయాసమా?" అంది. ఆయాసం కాదు. సంతోషం.

బసంతి మాత్రం పువ్వు చూడలేదు. కాడ కింది భాగంలో కాయలు చూసింది. గోధుమరంగుకు తిరిగి మూతులు విడబోతున్నాయి.

ఆ ఊరివాళ్ళకొక కట్టుబాటు ఉంది. భాద్రపద శుద్ధ అష్టమికి దేవి పండగ. ఆ రోజు దాకా ఈ వాలు మీద పువ్వు గాని, కాయ గాని, దుంప గాని ఎవరూ తుంచకూడదు. అష్టమికి ఇంకా దాదాపు వారం ఉంది.

"ఇవి అప్పటిదాకా ఆగవు" అంది బసంతి. "మా అత్తగారి రోజుల్లో అష్టమికి పూలే ఉండేవి. కాయలు ఆ తర్వాత. ఇప్పుడు ముందే పండి, గాలికి పోతున్నాయి. పడ్డ చోట ఎండ, రాయి. మొలవట్లేదు."

సుశీల చుట్టూ చూసింది. "ఎవరూ లేరుగా. ఓ నాలుగు కోసుకుంటే?"

"దేవి చూస్తుంది" అంది బసంతి. కింద ఊరి వైపు వేలు చూపించి, "దేవి క్షమించినా మా తోడికోడలు కమల క్షమించదు. అదిగో దాని ఇల్లు. కిటికీ ఇటే" అంది.

పూజారి గుమ్మంలో

నేను ఎక్కడికి వెళ్ళినా పంచాంగం సంచిలో ఉంటుంది. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. శ్రావణాలు రెండు కావడంతో అష్టమి నెల రోజులు ఆలస్యమైంది. అధికమాసం లేకపోతే అష్టమి ఎప్పుడో అయిపోయి ఉండేది. ఆ లెక్క కాగితం మీద వేసుకుని, బసంతిని తీసుకుని పూజారి దగ్గరకు వెళ్ళాను.

ఆయన అక్రోటు కాయల తొక్క ఒలుస్తున్నాడు. నా లెక్క ఆసాంతం విన్నాడు.

"అధికమాసం సంగతి నాకు తెలియదనుకున్నారా అమ్మా?"

"తెలుసు కాబట్టే మీ దగ్గరకొచ్చానండి."

"మా తాత కాలంలోనూ అధికమాసాలొచ్చాయి. అప్పుడు పూలు దేవి కోసం ఆగేవి. ఇప్పుడు ఆగట్లేదు. పూలు తొందరపడితే నేను తిథి మార్చాలా?"

"తిథి మార్చొద్దు. బసంతి ఒక్కదానికే గుప్పెడు కాయలు..."

"ఒక్కరికి తలుపు తీస్తే, రేపు గోనెసంచులు పట్టుకొచ్చేవాళ్ళకి ఏం చెప్పను? కింది లోయలో ఈ కట్టుబాటు ఎప్పుడో వదిలేశారు. అక్కడ ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు. వెళ్ళి చూసిరండి."

నా లెక్క తప్పు కాదు, ఆయన మాటా తప్పు కాదు. బసంతి తల వంచుకుని బూట్లు వేసుకోబోయింది.

అప్పటిదాకా అక్రోటు గింజలు తింటున్న సుశీల తెలుగులో, "వదినా, మనం కనకాంబరం కాయలకి గుడ్డ కడతాం చూడు, అలా కడితే కోసినట్టు అవుద్దా?" అంది.

కనకాంబరం కాయ ఎండి, తడి తగిలిందంటే చిట్లి గింజలు దూరంగా ఎగిరిపోతాయి. ఉయ్యూరులో సుశీల పెరడంతా కనకాంబరాలే. కంకి ముదిరితే పల్చటి గుడ్డ చుట్టి వదులుగా దారం కడుతుంది. కాయ తన పాటికి చిట్లుతుంది, గింజ గుడ్డలో ఉంటుంది. కోసే పనే లేదు. నేను ఇదంతా నా రేడియో హిందీలో పూజారికి చెప్పాను.

ఆయన చేతిలో కాయ కింద పెట్టాడు.

"గుడ్డ కట్టడమంటే దేవికి వస్త్రం ఇవ్వడం" అన్నాడు చివరికి. "వస్త్రం వద్దని మా పెద్దలెవరూ చెప్పలేదు. కట్టుకోండి. కాడ ఒక్కటి విరిగినా ఊరుకోను. అష్టమి నాడు ఊరందరి ముందూ విప్పాలి. గింజల్లో సగం ఆ వాలు మీదే చల్లాలి."

బసంతి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. సుశీల ఇంకో గింజ నోట్లో వేసుకుంది.

ఇచ్చింది తిరిగి అడగడం

పల్చటి గుడ్డ ఎక్కడుంది? ఆ ఊళ్ళో అన్నీ ఉన్నివే. ఆలోచించగా ఆలోచించగా, పల్చనివి నేనిచ్చిన వాయిలు రవికె గుడ్డలే. బొట్టు పెట్టి ఇచ్చిన గుడ్డ తిరిగి అడగడమంటే మా వైపు తల కొట్టేసినట్టు. గుమ్మం గుమ్మం తిరిగి అడిగాను. అందరూ మెడలోంచి విప్పి ఇచ్చేశారు. కమల మాత్రం గుడ్డ గుప్పిట్లో పట్టుకుని, "ఇది నాకిచ్చింది. నేనే వచ్చి కడతాను" అంది. బసంతి నా వైపు చూసి కళ్ళు తిప్పింది.

ఇంకో చిక్కు. ఎరుపు, చిలకపచ్చ, మామిడిపండు రంగు. దేవి వాలు మీద మెరిసే రంగులు పనికిరావు. అలాంటివి కట్టుకెళ్ళినవాళ్ళను వనదేవతలు ఎత్తుకుపోతారట. దానికి విరుగుడు బసంతి కనిపెట్టింది. పూజారి ఒలిచి పారేసిన అక్రోటు పచ్చి తొక్కలు తెచ్చి పెద్ద గిన్నెలో మరగబెట్టింది. గుడ్డలన్నీ మట్టిరంగుకు తిరిగాయి. మా చేతులూ తిరిగాయి. "ఇంటికెళ్ళాక అడిగితే గోరింటాకు మాడిందని చెబుతా" అంది సుశీల.

చిన్న చిన్న సంచులు కుట్టాం. నలభై ఒకటి అయ్యాయి. మర్నాడు చెప్పులు విప్పి ఎక్కాం. గడ్డి మీది చలికి అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. కమల అందరికంటే ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అంత బిగించకు, ఊపిరాడదు" అని బసంతి, "నీకంటే ముందు నుంచి ముడులు వేస్తున్నా" అని కమల. ఒక్క కాడ విరగలేదు.

మూడో రోజు వడగళ్ళు పడ్డాయి. బసంతి పొయ్యి దగ్గర కూర్చుని, పెట్టిన టీ తాగకుండా చల్లార్చేసింది.

అష్టమి

తిరుగు ప్రయాణం అప్పటికే వాయిదా వేసేశాం. అష్టమి నాడు డోలు కొట్టుకుంటూ ఊరంతా ఎక్కింది. దేవికి బ్రహ్మకమలాలు పెట్టాక పూజారి మా వైపు తల ఊపాడు. బసంతికి ముడి ఊడిరాకపోతే కమల ఆమె పక్కన కూర్చుని సంచులు విప్పింది.

మొదటిది ఖాళీ. వడగళ్ళకు చిరిగిపోయింది. రెండోదీ ఖాళీయే. మూడో దాన్లో తడికి బూజు పట్టింది. నాలుగో సంచి తిరగేస్తే, బసంతి శాలువా మీద నువ్వుల కంటే చిన్న నల్ల గింజలు గలగలా రాలాయి. ఊరంతా ఒక్కసారి వంగి చూసింది. సుశీల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలింది.

అన్నీ విప్పాక పూజారి ఆ కుప్పను అరచేత్తో రెండుగా చేశాడు. సగం ఆయనే వాలు మీద చల్లాడు. మిగిలింది ఒక మడికి వస్తుంది. నాలుగు మళ్ళకు ఒక మడి.

బసంతి దాన్ని పాత మళ్ళలో చల్లనంది. వాటికంటే ఎంతో పైన, దేవి వాలు అంచున నీడ పట్టున ఒక చోటు అడిగింది. పూజారి ఒప్పుకున్నాడు. కమల రాళ్ళు ఏరింది. నేను మట్టి చిదిపాను.

"ఇక్కడా వేడెక్కితే ఇంకా పైకి వెళ్ళొచ్చా?" అని అడిగాను.

బసంతి పైకి చూసింది. "ఆ పైన రాయి. రాయి పైన ఏమీ లేదక్కా."

గింజలు చల్లి పైన నాచు కప్పాం. నేను జీవితంలో వానల కోసం మొక్కాను, వానలు ఆగాలనీ మొక్కాను, కాలవకు నీళ్ళు రావాలని మొక్కాను. మంచు కోసం మొక్కడం అదే మొదటిసారి.

కంకిపాడు

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. కార్తీకంలో అడిగితే మంచు లేదంది. మార్గశిరంలో లేదంది. సంక్రాంతి వెళ్ళింది, లేదంది. మాకు ఇక్కడ పొలాల్లో మినుము పూతకొచ్చింది. బసంతి కింది ఊరికి దిగిపోయింది. కూతురు సామాను సర్దుకోమంటోందని ఒకసారి చెప్పింది. సర్దుతున్నావా అని నేను అడగలేదు. సుశీల ఉయ్యూరు నుంచి ఫోన్ చేసి, "ఏమందమ్మా మీ బసంతి?" అనడం, నేను ఏమీ లేదనడం అలవాటైపోయింది.

పుష్యం చివర్లో ఒక పొద్దున ఆమే ఫోన్ చేసింది. హలో అంది. ఆ తర్వాత మాటల్లేవు. లైను కట్టయిందనుకున్నాను.

"బసంతీ, వినపడుతోందా?"

కాసేపటికి ఆమె గొంతు వచ్చింది. "ఫోను బయటికి పట్టుకున్నానక్కా. మీకేమన్నా వినిపించిందా?"

"ఏమీ వినిపించలేదే."

"ఆ. అదే మంచు. రాత్రి నుంచి పడుతూనే ఉంది. కింది ఊళ్ళోనే మోకాలి లోతుంది."

నేను మళ్ళీ ఫోను బయటికి పట్టుకోమన్నాను.